గంటల లెక్కన దొరికే ఢిల్లీ

నోయిడా సెక్టర్ 50లో ఆక్వా లైన్ మెట్రో దిగితే బోర్డు మీద ‘ప్రైడ్ స్టేషన్’ అన్న పేరు కనిపిస్తుంది. 2020 అక్టోబరు 27న ఈ స్టేషన్‌ను ట్రాన్స్‌జెండర్లకు అంకితం చేశారు. ఆ సమాజం నుంచే ఆరుగురిని ఉద్యోగాల్లోకి తీసుకున్నారు. అంతకు కొన్ని నెలల ముందు నోయిడా మెట్రో అనుకున్న పేరు మాత్రం వేరు. ‘షీ మ్యాన్’ అని పెడతామన్నారు. ఆ మాట వెక్కిరింపులా ఉందని ట్రాన్స్‌జెండర్లు అభ్యంతరం చెప్పారు. మెట్రో సంస్థ వెనక్కి తగ్గి పేరు మార్చింది. చూడటానికి ఇది చిన్న విషయమే. కానీ తమను ఏమని పిలవాలో తామే చెప్పుకునే అవకాశం ఈ మనుషులకు ఎంత అరుదుగా దక్కిందో తెలిసినవాళ్ళు దీన్ని చిన్నదనరు.

ఉద్యోగం వచ్చింది సరే, డ్యూటీ దిగాక ఎక్కడికి వెళ్ళాలి? ఈ ప్రశ్న కేరళలో ముందే ఎదురైంది. 2017లో కొచ్చి మెట్రో ఇరవై మందికి పైగా ట్రాన్స్‌జెండర్లను పనిలోకి తీసుకుంటే దేశమంతా మెచ్చుకుంది. కొద్ది రోజులకే వారిలో ఎనిమిది మంది మానేశారు. పని చేతకాక కాదు, ఎవరూ ఇల్లు అద్దెకివ్వక. లాడ్జిల్లో రోజువారీ అద్దె కడుతూ పోతే జీతం సరిపోలేదు.

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్, ఫరీదాబాద్, ఘాజియాబాద్ కలిసిన రాజధాని ప్రాంతంలో క్వియర్ జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే ఆ లాడ్జి గది నుంచే మొదలుపెట్టాలి. ఈ మహానగరం వాళ్ళకు అసలు చోటే ఇవ్వలేదంటే అది అబద్ధం. ఇచ్చింది, కానీ గంటల లెక్కన ఇచ్చింది. పార్కులో చీకటి పడ్డాక రెండు గంటలు, క్లబ్బులో వారానికి ఒక రాత్రి, జంతర్ మంతర్ దగ్గర ఏడాదికి ఒక ఆదివారం. ఆ గంటలు గడిచాక తిరిగి వెళ్ళేది అబద్ధం చెప్పి తీసుకున్న గదికో, పెళ్ళి సంబంధాలు చూస్తున్న ఇంటికో. గత ముప్ఫై అయిదేళ్ళుగా ఇక్కడ జరిగిన ఉద్యమం, కోర్టు కేసులు, ఊరేగింపులు అన్నీ ఈ గంటలను పెంచుకోవడానికి పడిన పాట్లే.

ముందు మాటల సంగతి తేల్చుకోవాలి. ఇంగ్లీషులో ‘క్వియర్’ అంటే ఒకప్పుడు వింతైన అని అర్థం, తర్వాత అదొక తిట్టు. తిట్లు పడ్డవాళ్ళే ఆ మాటను తీసుకుని తమ పేరుగా పెట్టుకున్నారు. గే, లెస్బియన్, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్ అందరూ ఇప్పుడు ఆ మాట కిందికి వస్తారు. తెలుగు పత్రికలు మాత్రం చాలాకాలంగా ‘స్వలింగ సంపర్కులు’ అని రాస్తూ వచ్చాయి. ఆ సమాసంలో పడకగది తప్ప మనిషి కనిపించడు. భార్యాభర్తలను ఎవరూ ‘భిన్నలింగ సంపర్కులు’ అని రాయరు కదా. ఇద్దరు ఆడవాళ్ళు పదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ, ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు సెలవు పెడుతూ, గ్యాస్ బండ ఎవరు బుక్ చేయాలన్న దగ్గర వాదులాడుకుంటూ ఉంటే, ఆ బతుకంతటినీ ‘సంపర్కం’ అనే ఒక్క మాటకు కుదించడం అన్యాయం. ‘స్వలింగ ప్రేమికులు’ అన్న మాట కొంత నయం. ఇక ‘తేడా’, ‘కొజ్జా’ లాంటివి సినిమా హాస్యం నుంచి బడి ఆవరణల దాకా పాకాయి. హిందీలో ‘ఛక్కా’ అన్న మాటదీ అదే పని. ఢిల్లీకి చదువుకోవడానికి వచ్చిన తెలుగు కుర్రవాడికి కొత్త భాషలో తొందరగా అర్థమయ్యే మాటల్లో అదొకటి, ఎందుకంటే దాని బరువు అతనికి సొంత భాషలో ముందే తెలుసు.

ఇదంతా పడమటి దేశాల నుంచి వచ్చిన జబ్బనేవారికి జవాబు ఢిల్లీ నేలలోనే ఉంది. మెహ్రౌలీ బజారులో ఒక ఇరుకైన గేటు దాటి మెట్లెక్కితే ‘హిజ్రోం కా ఖాన్‌కా’ అనే ఆవరణ వస్తుంది. లోడీ సుల్తానుల కాలంనాటిది. తెల్లగా సున్నం వేసిన సమాధులు యాభై దాకా ఉంటాయి. అన్నిటికంటే పెద్దది మియాన్ సాహెబ్ అనే హిజ్రాదని చెబుతారు. పాతబస్తీలోని తుర్కమాన్ గేటు హిజ్రాలు ఈ ఆవరణ బాగోగులు చూసుకుంటున్నారు. బతికున్న హిజ్రాలకు గది దొరకని ఊళ్ళో చనిపోయినవారికి శతాబ్దాలుగా చెదరని చోటు ఇది.

తెలుగు నేలకు దగ్గరి సాక్షి ఇంకొకరున్నారు. నిజాం ఉల్ ముల్క్ వెంట దక్కన్ నుంచి ఢిల్లీ వెళ్ళిన దర్గా కులీ ఖాన్ అనే ఉద్యోగి 1738 నుంచి 1741 వరకు అక్కడుండి, తాను చూసిన సంగతులను పారశీకంలో రాశాడు. ‘మురక్కా ఎ దిల్లీ’గా పేరుపొందిన ఆ పుస్తకంలో దర్గాలు, గాయకులు, నాట్యగత్తెలతో పాటు మగవాళ్ళు మగవాళ్ళను ప్రేమించడం కూడా దాపరికం లేకుండా కనిపిస్తుంది. ఇలాంటి ఆధారాలను వేదకాలం నుంచి ఆధునిక కాలం దాకా ఒకచోట చేర్చినవారు ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన ఇద్దరు అధ్యాపకులు, రూత్ వనిత, సలీం కిద్వాయ్. 2000లో వెలువడిన వారి సంకలనం లేకపోతే ఆ తర్వాత కోర్టుల్లో ‘ఇది మన సంస్కృతి కాదు’ అన్న వాదనకు జవాబు చెప్పడం చాలా కష్టమయ్యేది. నిజానికి బయటి నుంచి వచ్చింది నిషేధమే. 1860లో బ్రిటిష్ వారు రాసిన శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ ఆ ప్రేమను నేరం చేసింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం హిజ్రాలను పోలీసు రిజిస్టర్లకు ఎక్కించింది.

తెలుగువాళ్ళకు ఇందులో ఇంకో ముడి ఉంది. నాటకాల్లో స్త్రీ పాత్రలు వేసిన స్థానం నరసింహారావు చీరకట్టును చూసి ఆడవాళ్ళే నేర్చుకునేవారని చెప్పుకునే సమాజం మనది. కూచిపూడి కళాకారుడు వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా జడ ముందుకు వేసుకుంటే చేతులెత్తి మొక్కిన ఊళ్ళు మనవి. తెర దిగేదాకా ఆ రూపం మనకు పూజనీయం. అదే నడక, అదే చూపు ఇంట్లో పుట్టిన పిల్లవాడిలో కనిపిస్తే బెల్టు తీసిన నాన్నలూ మన ఊళ్ళవాళ్ళే. గంటల లెక్కన ఒప్పుకోవడం ఢిల్లీ ఒక్కదాని అలవాటు కాదు.

ఇప్పుడు కన్నాట్ ప్లేస్‌కు రావాలి. మధ్యనున్న సెంట్రల్ పార్క్ సెల్‌ఫోన్లు లేని రోజుల్లో మగవాళ్ళకు కలుసుకునే చోటు. గుమాస్తాలు, విద్యార్థులు, దూరపు ఊళ్ళ నుంచి వచ్చిన కూలీలు చీకటి పడ్డాక అక్కడికి చేరేవారు. పేర్లు చెప్పుకునేవారు కాదు, చెప్పినా అసలు పేర్లు కావు. పోలీసులకు ఇది తెలుసు. కేసు పెడతామనీ ఇంట్లో చెబుతామనీ బెదిరించి డబ్బు గుంజడం మామూలైపోయింది. 1992లో పార్కులో కొందరిని అనుమానం మీద పట్టుకెళ్ళినప్పుడు, ఆగస్టు 11న ఐటీఓ దగ్గరి పోలీసు ప్రధాన కార్యాలయం ముందు ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ అనే సంస్థ ధర్నా చేసింది. స్వలింగ ప్రేమికుల హక్కుల కోసం దేశంలో జరిగిన తొలి బహిరంగ నిరసనగా దాన్ని లెక్కిస్తారు. ఆ సంస్థే అంతకు ముందు ఏడాది ‘లెస్ దాన్ గే’ అనే పౌర నివేదిక తెచ్చింది. 377వ సెక్షన్ రద్దు చేయాలనీ, పెళ్ళి హక్కు ఇవ్వాలనీ 1991లోనే అందులో అడిగారు. రాసినవారిలో ఒకరైన న్యాయవాది సిద్ధార్థ గౌతమ్ మరుసటి ఏడాది ముప్ఫై ఏళ్ళు నిండకుండానే క్యాన్సర్‌తో చనిపోయారు.

అయితే ఆ పార్కు కూడా మగవాళ్ళదే. చీకటి పడ్డాక ఢిల్లీ పార్కులో ఆడవాళ్ళు కూర్చోవడం అప్పుడూ ఇప్పుడూ కష్టమే. వాళ్ళ తొలి కూడలి టెలిఫోన్. 1997లో మొదలైన ‘సంగిని’ హెల్ప్‌లైన్‌కు నిర్ణీత వేళల్లో ఫోన్ చేస్తే అవతలి నుంచి ఒక స్త్రీ గొంతు పలికేది. ఇంట్లో అందరూ బయటికి వెళ్ళిన సమయం చూసి చేసుకోవాలి, ఎవరైనా తలుపు తీస్తే పెట్టేయాలి. 

1998 డిసెంబరు ఈ మౌనాన్ని వీధిలోకి తెచ్చింది. దీపా మెహతా తీసిన ‘ఫైర్’ సినిమాలో ఢిల్లీలోని ఒక ఉమ్మడి కుటుంబపు తోడికోడళ్ళు ఇద్దరు ఒకరినొకరు ప్రేమిస్తారు. సినిమా ఆడుతున్న రీగల్ థియేటర్ మీద శివసేన కార్యకర్తలు దాడి చేశారు. డిసెంబరు 7 సాయంత్రం అదే థియేటర్ ముందు కొవ్వొత్తులతో జనం నిలబడ్డారు. వాక్ స్వాతంత్ర్యం గురించిన ప్లకార్డుల మధ్య ‘భారతీయురాలిని, లెస్బియన్‌ని’ అని చెప్పే ప్లకార్డు ఒకటి లేచింది. అప్పటిదాకా చాలామంది ఆ రెండు మాటలనూ పక్కపక్కన చూసి ఎరగరు. ఆ రాత్రి నుంచే లెస్బియన్ హక్కుల ప్రచార ఉద్యమం పుట్టింది. రీగల్ 2017 మార్చిలో మూతపడింది.

కోర్టు కథ అందరికీ కొంత తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చాలు. తీహార్ జైల్లో కండోములు పంచడానికి అధికారులు ఒప్పుకోకపోవడంతో 1994లో ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ సంస్థే ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. ఆ కేసు విచారణకు నోచుకోకుండానే పోయింది. అంజలీ గోపాలన్ స్థాపించిన నాజ్ ఫౌండేషన్ 2001లో మళ్ళీ తలుపు తట్టింది. 2009 జులై 2న ప్రధాన న్యాయమూర్తి ఎ.పి.షా, జస్టిస్ ఎస్.మురళీధర్ పరస్పర సమ్మతితో ఉన్న పెద్దల ప్రేమ నేరం కాదన్నారు. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా దాన్ని తిరిగి నిలబెట్టారు. ఆ కేసులో ముందు నిలిచిన నవతేజ్ సింగ్ జోహర్ భరతనాట్య కళాకారుడు. ఆయనతో కలిసి పిటిషన్ వేసినవారు పాత్రికేయుడు సునీల్ మెహ్రా, వంటల నిపుణురాలు రీతూ దాల్మియా, హోటళ్ళ వ్యాపారి అమన్‌నాథ్, అయేషా కపూర్. వారి తరఫున వాదించిన మేనకా గురుస్వామి హైదరాబాదులో పుట్టినవారు. కేసు గెలిచిన మరుసటి ఏడాది ఆమె, సహ న్యాయవాది అరుంధతీ కట్జూ తాము జంట అన్న సంగతిని బయటపెట్టారు.

ఈ తేదీల మధ్య ఒక తల్లి కథ ఉంది. ఢిల్లీకి చెందిన నిషిత్ సరన్ హార్వర్డ్‌లో సినిమా చదువుకుంటూ 1999లో ‘సమ్మర్ ఇన్ మై వెయిన్స్’ అనే డాక్యుమెంటరీ తీశాడు. తాను గే అన్న సంగతిని అమ్మతో చెప్పడమే అందులో కథ, కెమెరా నడుస్తుండగానే చెప్పాడు. మూడేళ్ళ తర్వాత ఢిల్లీలో కారు ప్రమాదంలో చనిపోయాడు. కొడుకు పోయాక తల్లి మిన్నా సరన్ ఇంట్లో కూర్చోలేదు. హైకోర్టు తీర్పు మీద సుప్రీంకోర్టులో వాదనలు నడుస్తున్నప్పుడు, పందొమ్మిది మంది తల్లిదండ్రుల తరఫున ఆమె పేరుతో పిటిషన్ దాఖలైంది. ఈ చట్టం మా పిల్లలనే కాదు, మా కుటుంబాలను కూడా నేరస్థులను చేస్తోందన్నది వారి వాదన. క్వియర్ ఉద్యమంలో ‘ఇంట్లో చెప్పావా?’ అన్న ప్రశ్న రోజూ వినిపిస్తుంది. చెప్పాక ఆ ఇల్లు ఏం చేయగలదో ఈ తల్లిదండ్రులు చూపించారు.

కోర్టులో తీర్పు రాకముందే వీధిలో ఊరేగింపు మొదలైంది. 2008 జూన్ చివరి ఆదివారం బారాఖంబా రోడ్డు నుంచి టాల్‌స్టాయ్ మార్గ్ మీదుగా జంతర్ మంతర్ దాకా ఢిల్లీ తొలి క్వియర్ ప్రైడ్ నడిచింది. కొన్ని వందల మంది. ముఖం కనిపించకూడదనుకున్నవారికి నిర్వాహకులే రంగురంగుల మాస్కులు పంచారు. 2010 నుంచి ఊరేగింపు నవంబరుకు మారింది. జనం వేలకు చేరారు, మాస్కులు తగ్గాయి. కోవిడ్ వల్ల మూడేళ్ళు ఆగి 2023 జనవరి 8న మళ్ళీ నడిచింది. డోలు మోగుతుంది, గోటా అంచు లెహంగాలు, చేతితో రాసిన హిందీ నినాదాలు, మనవరాలి చేయి పట్టుకున్న అమ్మమ్మలు కూడా కనిపిస్తారు. ఈ ఊరేగింపు కంపెనీల ప్రాయోజకత్వం తీసుకోదు. ఖర్చంతా సమాజం చందాలతో, చిన్న చిన్న కార్యక్రమాలతో కూడబెడతారు. వ్యాపార సంస్థల బ్యానర్లు లేకపోవడం వల్లే అక్కడ కులం గురించి, కశ్మీరు గురించి, కార్మికుల గురించి కూడా నినాదాలు వినిపిస్తాయి. 2015లో కొందరు దళిత క్వియర్ యువతీయువకులు తమ కులాన్నీ తమ ప్రేమనూ ఒకే ప్లకార్డు మీద రాసుకుని నడిచారు. ఉద్యమం లోపలి అగ్రకుల ఇంగ్లీషు వాతావరణాన్ని అదే వీధిలో ప్రశ్నించారు. ఢిల్లీ ప్రైడ్ చరిత్రలో అంతకంటే అవసరమైన ప్రశ్న మరొకటి రాలేదు.

రాత్రి ఢిల్లీకి ఇంకో లెక్క ఉంది. 2000ల మొదట్లో చాణక్యపురిలోని ఒక బార్‌లో మంగళవారం రాత్రులు గే యువకులవి. మిగతా ఆరు రాత్రులూ అది అందరిదీ. తర్వాత లలిత్ హోటల్‌లోని ‘కిట్టీ సూ’ క్లబ్బు డ్రాగ్ కళాకారులకు వేదికైంది. ఆ హోటల్ యాజమాన్యంలోని కేశవ్ సూరి 377 కేసులో తానూ పిటిషనరే. రచయిత షరీఫ్ రంగ్నేకర్ చొరవతో 2019లో రెయిన్‌బో సాహిత్య ఉత్సవం మొదలైంది. జేఎన్‌యూ, ఐఐటీ లాంటి చోట్ల విద్యార్థి బృందాలు వచ్చాయి. ఫోనుల్లో యాప్‌లు వచ్చి పార్కు అవసరాన్ని చాలామందికి తగ్గించాయి. అయితే యాప్‌లతో పాటే కొత్త ముఠాలూ వచ్చాయి. కలుద్దామని పిలిచి, నగ్నంగా వీడియో తీసి, యూపీఐలో డబ్బు గుంజే కేసులు నోయిడా, గురుగ్రామ్, ఘాజియాబాద్‌లలో తరచూ బయటపడుతున్నాయి. ఇది పాత పార్కు బెదిరింపే, లాఠీ స్థానంలో ఫోను వచ్చింది. ఫిర్యాదు చేస్తే ఇంట్లో తెలుస్తుందన్న భయమే అప్పుడూ ఇప్పుడూ దోపిడీదారు పెట్టుబడి. దానికి తోడు 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చినప్పుడు 377వ సెక్షన్ పూర్తిగా పోయింది. సమ్మతి లేకుండా మగవాడి మీదో ట్రాన్స్‌జెండర్ వ్యక్తి మీదో జరిగే అత్యాచారాన్ని శిక్షించడానికి మిగిలిన ఒక్క సెక్షన్ కూడా దానితో పోయింది. ఢిల్లీ హైకోర్టు ఆ ఆగస్టులోనే ఈ ఖాళీ సంగతి తేల్చమని కేంద్రానికి చెప్పింది.

క్లబ్బుకు టికెట్టు కొనలేని క్వియర్ ఢిల్లీ చాలా పెద్దది. 2011 జనాభా లెక్కల్లో స్త్రీ పురుష గడులు కాక ‘ఇతరులు’ అన్న గడిలో ఢిల్లీలో నమోదైనవారు 4,213 మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769. ఢిల్లీలో ఇంత తక్కువ ఉన్నారంటే నమ్మడం కష్టం. లెక్క రాసేవాడికి చెప్పుకునే ధైర్యం ఎంతమందికి ఉందో మాత్రమే ఆ అంకె చెబుతుంది. ఓటర్ల జాబితాలోనైతే థర్డ్ జెండర్‌గా నమోదైనవారు పన్నెండు వందల చిల్లరే. వీరిలో చాలామంది హిజ్రా డేరాల్లో గురువు నీడలో ఉంటారు. పిల్లలు పుట్టిన ఇళ్ళకూ పెళ్ళిళ్ళకూ వెళ్ళి ‘బధాయీ’ పాడి డబ్బు తీసుకుంటారు. డేరాకు కఠినమైన కట్టుబాట్లున్నాయి. అప్పులూ ఉన్నాయి, శిక్షలూ ఉన్నాయి. అయినా ఇంటి నుంచి గెంటేసిన పదిహేనేళ్ళ బిడ్డకు ఈ నగరంలో అన్నం పెట్టి పడుకోమన్న గడప ఏళ్ళ తరబడి అదొక్కటే. జాతీయ మానవ హక్కుల కమిషన్ కోసం ఢిల్లీ, ఉత్తరప్రదేశ్‌లలో 900 మంది ట్రాన్స్‌జెండర్లతో చేసిన అధ్యయనంలో తల్లిదండ్రులతో కలిసి ఉంటున్నవారు నూటికి ఇద్దరే అని తేలింది. ఈ విషయంలో ఇంతకంటే పెద్ద అంకె అక్కర్లేదు.

2011 నవంబరు 20న తూర్పు ఢిల్లీ నంద్‌నగరీలో దేశం నలుమూలల నుంచి వేలమంది హిజ్రాలు కలిసిన సమావేశంలో పందిరికి మంటలంటుకుని 15 మంది చనిపోయారు. పోయిన తమవాళ్ళను తలచుకోవడానికి పెట్టుకున్న సమావేశం అది. పదకొండేళ్ళ తర్వాత, 2022 డిసెంబరులో సుల్తాన్‌పురీ వార్డు నుంచి బాబీ కిన్నర్ ఆమ్ ఆద్మీ పార్టీ తరఫున గెలిచి ఢిల్లీ కార్పొరేషన్‌లో అడుగుపెట్టిన తొలి ట్రాన్స్‌జెండర్ సభ్యురాలయ్యారు. అదే ఏడాది న్యూఢిల్లీ పురపాలక మండలి ప్రెస్ క్లబ్ దగ్గర ట్రాన్స్‌జెండర్ల కోసం తొలి మరుగుదొడ్డి కట్టింది. అంతకు ముందు ఏడాది ఢిల్లీ మెట్రో వికలాంగుల కోసం విడిగా ఉన్న 347 మరుగుదొడ్లను వీరు కూడా వాడుకోవచ్చంది. రోజంతా బయట తిరిగి పనిచేసే మనిషికి ఏ తలుపు తోయాలో తెలియకపోవడం ఎంత నరకమో అనుభవించని అధికారులకు ఇది అర్థమవడానికి ఇన్నేళ్ళు పట్టింది.

బడి దగ్గర ఇంకా చీకటే. 2021లో ఎన్‌సీఈఆర్‌టీ ట్రాన్స్‌జెండర్ పిల్లలను బడి ఎలా కలుపుకుపోవాలో ఉపాధ్యాయులకు చెప్పే కరదీపిక విడుదల చేసింది. అభ్యంతరాలు రాగానే కొద్ది రోజుల్లోనే వెబ్‌సైట్ నుంచి తీసేసింది. ఆ తర్వాత కొద్ది నెలలకే, 2022 ఫిబ్రవరిలో, ఫరీదాబాద్‌లో పదో తరగతి చదువుతున్న పిల్లవాడు ప్రాణం తీసుకున్నాడు. తోటి పిల్లలు ఏళ్ళ తరబడి అతన్ని వేధించారని తల్లి చెప్పింది. ఆమె ఇప్పటికీ బడుల్లో మార్పు కోసం పోరాడుతోంది. ఉపాధ్యాయులకూ రక్షణ లేదు. ట్రాన్స్‌జెండర్ అని తెలిశాక రెండు రాష్ట్రాల్లోని రెండు బడులు తనకు ఉద్యోగం లేకుండా చేశాయని జేన్ కౌశిక్ అనే టీచరు సుప్రీంకోర్టుకెక్కారు. 2025 అక్టోబరు 17న జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ ఆమెకు పరిహారం ఇప్పించారు. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టాన్ని అమలు చేయడంలో ప్రభుత్వాల నిర్లక్ష్యాన్ని తప్పుపట్టి, ఢిల్లీ హైకోర్టు మాజీ న్యాయమూర్తి ఆశా మేనన్ నాయకత్వంలో సంఘాన్ని వేశారు.

ఇప్పుడు మళ్ళీ గది దగ్గరికి. ఢిల్లీలో ఇల్లు వెతకడం అందరికీ కష్టమే. బ్రోకర్‌కు నెల అద్దె కమీషన్, పదకొండు నెలల అగ్రిమెంటు, పోలీస్ వెరిఫికేషన్, పైన ‘ఫ్యామిలీకే ఇస్తాం’ అన్న షరతు. ఈ చివరి షరతు దగ్గరే క్వియర్ జంట ఆగిపోతుంది. ఇద్దరు మగవాళ్ళు స్నేహితులమనీ, ఇద్దరు ఆడవాళ్ళు అక్కాచెల్లెళ్ళమనీ చెప్పి గది తీసుకుంటారు. ఒక మంచం చాలని తెలిసినా రెండు మంచాలు కొంటారు, యజమాని ఎప్పుడైనా పైకి వస్తాడని. గోడ మీద కలిసి దిగిన ఫోటో పెట్టుకోరు. ట్రాన్స్‌జెండర్ మహిళకైతే స్నేహితురాలిననే అబద్ధం కూడా పనిచేయదు, గొంతు వినగానే అడ్వాన్సు తిరిగి ఇచ్చేస్తారు. ఆ 2019 చట్టం అద్దె ఇంటి విషయంలో ట్రాన్స్‌జెండర్లపై వివక్ష కూడదని స్పష్టంగా రాసింది. గే, లెస్బియన్ జంటలకు ఆ మాత్రం అక్షరం కూడా లేదు.

పల్లెల నుంచి పారిపోయి వచ్చే అమ్మాయిలకు గది అంటే ప్రాణం. 2011లో బాగ్‌పత్ జిల్లా నుంచి వచ్చి గురుగ్రామ్‌లో కలిసి బతుకుదామనుకున్న ఇద్దరు స్త్రీలను ఊరివాళ్ళు చంపుతామని బెదిరిస్తే, అక్కడి కోర్టు పోలీసు రక్షణ ఇచ్చింది. పదమూడేళ్ళ తర్వాత 2024లో అదే గురుగ్రామ్‌లో ఇద్దరు స్త్రీలు రెండు కుటుంబాల సమక్షంలో బారాత్‌తో, ఏడడుగులతో పెళ్ళి చేసుకున్నారు. ఆ రెండు సంఘటనల మధ్య మారింది కుటుంబం. పెళ్ళి చట్టం మారలేదు. పెళ్ళి హక్కు కోసం సుప్రీంకోర్టుకు వెళ్ళిన కేసుకు పేరిచ్చినవారు హైదరాబాదులో కలిసి ఉంటున్న సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తులూ పెళ్ళి ప్రాథమిక హక్కు కాదన్నారు. జంటగా గుర్తింపు, దత్తత విషయాల్లో మాత్రం ధర్మాసనం 3-2గా చీలింది. ఇవ్వలేమన్న ముగ్గురిలో తెలుగువారైన జస్టిస్ పి.ఎస్.నరసింహ ఒకరు. 2025 జనవరిలో పునఃసమీక్ష పిటిషన్లను కూడా కోర్టు కొట్టేసింది.

కేసు ఓడిపోయినా తీర్పు చివర ప్రభుత్వం ఇచ్చిన మాట ఒకటి మిగిలింది, క్యాబినెట్ కార్యదర్శి నాయకత్వంలో కమిటీ వేస్తామని. 2024 ఏప్రిల్‌లో కమిటీ ఏర్పడింది. ఆ వేసవి తర్వాత కొన్ని ఉత్తర్వులు వచ్చాయి. ఒకే రేషన్ కార్డులో ఇద్దరినీ ఒక ఇంటివారిగా రాయవచ్చు. బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరిచి ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చు. దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు భాగస్వామి మృతదేహాన్ని తీసుకోవచ్చు. ఈ చివరి వాక్యం చదివితే గుండె బరువెక్కుతుంది. ఇరవై ఏళ్ళు కలిసి బతికినవారికి శవాన్ని అప్పగించడానికి ఒక ప్రభుత్వ లేఖ కావలసి వచ్చింది. అయినా ఇవి పనికొచ్చే కాగితాలు. చాలా బ్యాంకు శాఖల్లో కౌంటరు వెనకున్నవారికి వీటి సంగతి తెలియదు కాబట్టి వెళ్ళేటప్పుడు ఉత్తర్వు కాపీని చేతిలో ఉంచుకోవడం మంచిది. ఒక్క రక్తదానం విషయంలో మాత్రం 2017 నాటి మార్గదర్శకాలు ట్రాన్స్‌జెండర్లనూ గే పురుషులనూ మొత్తంగా దూరం పెట్టాయి. దాని మీద కేసు సుప్రీంకోర్టుకు చేరింది.

తెలుగు రాష్ట్రాల నుంచి చూస్తే ఢిల్లీ నేర్వవలసినవీ ఉన్నాయి. నిజాం కాలంలో హిజ్రాలను అనుమానితులుగా నమోదు చేయమన్న 1919 నాటి చట్టాన్ని వైజయంతి వసంత మొగిలి వేసిన కేసులో తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. 2024 చివర హైదరాబాదు పోలీసులు 39 మంది ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ సహాయకులుగా తీసుకున్నారు. ఉస్మానియా ఆస్పత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు. నాలుగు రోడ్ల కూడలిలో చప్పట్లు కొట్టి చేయి చాచే మనిషిగానే తెలిసినవారు అదే కూడలిలో యూనిఫారంతో చేయెత్తి బండ్లు ఆపుతుంటే, పగలు ఎనిమిది గంటలపాటు వేలమంది కళ్ళు మారతాయి.

ఢిల్లీలోని తెలుగువాళ్ళకు ఇందులో చేయవలసిన పని ఉంది. రాజిందర్ నగర్ కోచింగుల్లో, శ్రీ వెంకటేశ్వర కళాశాలలో, నోయిడా సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో మన పిల్లలు వేలమంది ఉన్నారు. అందులో క్వియర్ పిల్లలు ఉంటారు. ఊరి బంధువుల చూపు పడదనే చాలామంది ఇంత దూరం వస్తారు. ఆంధ్రభవన్‌లో పప్పు, గోంగూర దొరికినంత తేలిగ్గా వాళ్ళకు మనసు విప్పే మనిషి దొరకాలి. తెలుగు సంఘాలు ఉగాదికి పంచాంగ శ్రవణం, సంక్రాంతికి ముగ్గులు పెడతాయి. కొత్తగా వచ్చినవారికి గదులు చూపించే వాట్సాప్ గ్రూపులూ నడుపుతాయి. ఆ గ్రూపుల్లో ఇల్లు ఉందని రాసే యజమానులకు ఒక విన్నపం. వచ్చే నెల ఇద్దరు అమ్మాయిలో, ఇద్దరు అబ్బాయిలో, చీర కట్టుకుని గొంతు కాస్త గట్టిగా ఉన్న ఒక మనిషో వచ్చి గది అడిగితే, జీతం స్లిప్పు చూడండి, ఆధార్ కాపీ తీసుకోండి, నీళ్ళు వచ్చే వేళ చెప్పండి, తాళం చెవి ఇవ్వండి.